సర్ పిట్టి త్యాగరాయ శెట్టి: వర్తకుడు, పురపాలకుడు

చెన్నపట్టణమున 'టి. నగర్' అను పేట నెరుగనివారు అరుదు. పండుగ బట్టలకును, పెండ్లి నగలకును అచ్చటికి పోవుట మన కుటుంబములలో పలువురకు వాడుక. కాని ఆ 'టి' అను అక్షరము ఎవరి పేరునకు గుర్తు అని అడిగినచో విద్యార్థులే కాదు, పెద్దలును తడబడుదురు. అది త్యాగరాయ నగరము. పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరిట వెలసిన పేట. ఆయన మాతృభాష తెలుగు. వృత్తి నేత, వర్తకము. నలువది సంవత్సరములు చేసిన సేవ పట్టణ పరిపాలనము.

రాజకీయ నాయకుల చరిత్రలు చదువునపుడు మన దృష్టి సామాన్యముగా మంత్రి పదవులమీదను, శాసనసభలమీదను నిలుచును. వీధి దీపము, మంచినీటి కుళాయి, మురుగు కాలువ, ప్రాథమిక పాఠశాల మొదలగు వానిని చూచుకొను పురపాలక సంఘము మనకు చిన్నదిగా తోచును. శెట్టిగారి జీవితమును తెలిసికొన్నవారికి ఆ భావము నిలువదు. రాజ్యమున మొదటి మంత్రి కాగల అవకాశము వచ్చినను వలదనిన ఈ పెద్దమనిషి పేరు నేటికిని ప్రజలు తలచుకొనుటకు గల ముఖ్యకారణములలో ఒకటి, నగరములోని ఒక బడిలో పిల్లలకు తలకొక అణాకు మించని ఖర్చుతో పెట్టిన ఫలహారము. ఆ కథను క్రమముగా తెలిసికొందము.

నగర సభ యెట్టిది?

మొదట ఆయన పనిచేసిన సభను గూర్చి కొంత తెలియవలయును. మదరాసు నగరపాలక సంఘము మన దేశమున మిగుల ప్రాచీనమైనది. 1687 డిసెంబరులో ఇంగ్లండు రాజైన రెండవ జేమ్సు కాలమున వెలువడిన అధికారపత్రము ననుసరించి 1688 సెప్టెంబరులో అది ఏర్పడెను. అప్పుడు దానికి మేయరు ఉండెను. పిదప ఆ పేరు పోయి, ప్రభుత్వము నియమించిన ఉద్యోగియే అధ్యక్షుడై నగరమును పాలించు పద్ధతి వచ్చెను. సభ్యులు సభలో కూర్చుండి మాటలాడవచ్చును, ప్రశ్నింపవచ్చును. పగ్గములు మాత్రము ఉద్యోగి చేతిలోనే యుండెడివి.

1882లో రాజప్రతినిధియగు రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి ప్రసిద్ధమైన తీర్మానమును వెలువరించెను. ప్రజలు తమ ఊరి పనులను తామే చూచుకొన్నచో క్రమముగా రాజ్యవ్యవహారములందు శిక్షణ పొందుదురని ఆయన తలంపు. చెన్నై నగర సభ కొలువుదీరియున్న తెల్లని మేడకు ఆయన పేరే పెట్టిరి. 1913లో తెరచిన ఆ రిప్పన్ భవనము నేటికిని సెంట్రల్ రైలుస్టేషను ప్రక్కన నిలిచియున్నది. త్యాగరాయ శెట్టిగారు నగర సభలో ప్రవేశించినదియు 1882వ సంవత్సరముననే.

1919 నాటి నగర చట్టముతో మరియొక మార్పు వచ్చెను. అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొనుటకును, దినదిన కార్యనిర్వహణమును కమిషనరు చూచుటకును ఏర్పాటయ్యెను. ఆ ఏర్పాటు క్రింద ఎన్నికైన తొలి అధ్యక్షులు, ప్రభుత్వోద్యోగి కాని తొలి అధ్యక్షులు, శెట్టిగారే. మేయరను పేరు 1933లో తిరిగి వచ్చెను గనుక ఆయనను చరిత్రకారులు అధ్యక్షుడనియే వ్రాయుదురు. స్థానము మాత్రము మేయరు స్థానమే. 1921 జనాభా లెక్కల ప్రకారము నాటి మదరాసు జనసంఖ్య సుమారు 5 లక్షల 27 వేలు. నేటి మహానగరముతో పోల్చిచూచిన అది చిన్న పట్టణము. ఏ పేటలో నీరు రాలేదో, ఏ బడిలో పిల్లలు తక్కువగా ఉన్నారో శ్రద్ధగల సభ్యునికి తెలియుటకు వీలైన పట్టణము.

మగ్గము, వర్తకము

శెట్టిగారు 1852 ఏప్రిల్ 27వ తేదీన మదరాసు రాజధానిలో ఒక దేవాంగ కుటుంబమున జన్మించిరి. దేవాంగులు తరతరములుగా నేత పనివారు. తమిళ, కన్నడ సీమలలో స్థిరపడిన దేవాంగులలో తెలుగు మాటలాడు కుటుంబములు నేటికిని అనేకము కలవు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1876లో ఆయన బి.ఎ. పట్టము పొందిరి. ఆ రోజులలో పట్టభద్రులు బహు కొలది. అట్టి చదువు చదివినవారు సర్కారు కొలువులోనో, న్యాయవాద వృత్తిలోనో చేరుట పరిపాటి. శెట్టిగారు మగ్గమును, వర్తకమును విడువలేదు.

ఆనాడు చేనేతకు గడ్డుకాలము. ఇంగ్లండు మిల్లుల నుండి దిగిన చౌక బట్ట సంతలను నింపుచుండెను. పాత మగ్గముమీద నేతగాడు నాడెను ఒక చేతితో విసరి రెండవ చేతితో అందుకొనవలయును. ఆ పద్ధతిలో నేత నెమ్మది. బట్ట వెడల్పు చేతుల చాపునకు మించజాలదు. 1733లో ఇంగ్లండున జాన్ కే అనునతడు దీనికొక ఉపాయము కనిపెట్టెను. మగ్గము నడుమ వ్రేలాడు త్రాటిని లాగినంతనే నాడె తనంతట ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు పరుగెత్తును. ఒక చేయి నాడె పనికి చాలును. రెండవ చేయి పేకను బిగించు పనికి మిగులును. అదే కూలివాడు అదే దినమున మునుపటికంటె చాల ఎక్కువ బట్ట నేయగలడు. ఈ పరుగునాడె మగ్గమును మన ప్రాంతమున వాడుకలోనికి తెచ్చుటకు 20వ శతాబ్ది ఆరంభమున జరిగిన ప్రయత్నములలో శెట్టిగారు పాల్గొని, తమ నేతశాలలో దానిని నడిపి చూపిరి. పూర్వుల పనిని విడువక, పనిముట్టును మాత్రము మార్చిన వివేకమిది.

వర్తకులకు సంఘబలము అవసరమని కూడ ఆయన గుర్తించిరి. ఐరోపా వర్తకులకు మదరాసున 1836 నుండియు ఒక వాణిజ్య మండలి కలదు. ప్రభుత్వము పన్నులను గూర్చియు, రేవును గూర్చియు వారి మాట వినుచుండెను. స్వదేశీ వర్తకులకు అట్టి నోరు లేదు. 1909లో దక్షిణ భారత వాణిజ్య మండలి ఏర్పడినపుడు దానికి తొలి అధ్యక్షులైనది శెట్టిగారే.

రాజకీయ ప్రవేశము

తొలినాళ్లలో ఆయన జాతీయ కాంగ్రెసు వైపు మొగ్గినవారే. 1916లో మార్గము మారెను. ఆ సంవత్సరము అనీ బిసెంటమ్మ స్వపరిపాలనోద్యమమును ఆరంభించెను. అధికారము భారతీయుల చేతికి వచ్చినచో అది ఏ భారతీయుల చేతికి వచ్చును అను ప్రశ్న దక్షిణ దేశమున పుట్టెను. ఇంగ్లీషు చదువులోను, సర్కారు కొలువులలోను బ్రాహ్మణులు చాల ముందంజలో ఉండిరి. తక్కిన కులములవారు వెనుకబడియుండిరి.

నగర సభలో టి.ఎం. నాయరను వైద్యుడు మరియొక ప్రముఖ సభ్యుడు. ఆయనకును శెట్టిగారికిని పురపాలన విషయములలో చాల కాలము పొసగలేదు. విద్యార్థులకు వసతిగృహము నడుపుచుండిన నటేశ మొదలియారను వైద్యుడు వీరిద్దరిని కలిపెను. 1916 నవంబరు 20వ తేదీన జరిగిన సమావేశమున క్రొత్త సంఘమునకు అంకురార్పణ జరిగెను. డిసెంబరులో శెట్టిగారి పేరిట బ్రాహ్మణేతరుల ప్రకటన వెలువడెను. 1892 మొదలు 1904 వరకు రాజధాని సివిల్ ఉద్యోగములకు జరిగిన పోటీ పరీక్షలలో నెగ్గిన 16 మందిలో 15 మంది బ్రాహ్మణులే యని ఆ ప్రకటన అంకెలతో చూపెను.

ఆ సంఘము పేరు దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య. 1917 ఫిబ్రవరిలో అది 'జస్టిస్' అను ఇంగ్లీషు దినపత్రికను స్థాపించెను. ప్రజలు ఆ పత్రిక పేరుతోనే కక్షిని జస్టిస్ పార్టీ యనిరి. తమిళమున 'ద్రావిడన్', తెలుగున 'ఆంధ్రప్రకాశిక' దాని పక్షమున పనిచేసెను. మూడు భాషలలో ప్రజలతో మాటలాడినగాని మదరాసు రాజధానిలో రాజకీయము సాగదని ఈ ఏర్పాటే తెలుపును.

కాదన్న పదవి

1919 నాటి భారత ప్రభుత్వ చట్టము రాజధానులలో ద్వంద్వ ప్రభుత్వమును నెలకొల్పెను. విద్య, ఆరోగ్యము, స్థానిక పరిపాలనము వంటి శాఖలు ఎన్నికైన మంత్రులకు వచ్చెను. పోలీసు, భూమిశిస్తు మొదలగు కీలక శాఖలు గవర్నరు వద్దనే నిలిచెను. 1920 నవంబరులో ఎన్నికలు జరిగెను. సహాయ నిరాకరణోద్యమమున నున్న కాంగ్రెసు వానిని బహిష్కరించెను. ఎన్నిక జరుగు 98 స్థానములలో జస్టిస్ పార్టీకి 63 లభించెను.

గవర్నరైన విల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గము నేర్పరుపవలసినదని శెట్టిగారిని ఆహ్వానించెను. శెట్టిగారు అంగీకరింపలేదు. కక్షికి నాయకత్వము వహించువాడు పదవికి వెలుపల నుండుట మేలని ఆయన తలంచిరి. తమకు మారుగా కడలూరు ప్రాంతపు తెలుగువాడైన సుబ్బరాయలు రెడ్డియారు పేరును సూచించిరి. 1920 డిసెంబరు 17వ తేదీన రెడ్డియారు తొలి మంత్రివర్గమునకు నాయకుడయ్యెను. అనారోగ్యముచే ఆయన విరమింపగా 1921 జులైలో పానుగంటి రామరాయణింగారు, అనగా పానగల్లు రాజాగారు, ఆ స్థానమునకు వచ్చిరి. శెట్టిగారు కక్షి అధ్యక్షులుగాను, నగర సభలోను తమ పనిని సాగించిరి.

అణా ఫలహారము

ఇక ముఖ్య విషయమునకు వత్తము. శెట్టిగారు అధ్యక్షులుగా నుండగా 1920 సెప్టెంబరు 16వ తేదీన నగర సభ ఒక తీర్మానమును ఆమోదించెను. థౌజండ్ లైట్స్ పేటలోని నగరపాలక పాఠశాల పిల్లలకు మధ్యాహ్నము ఫలహారము పెట్టవలెననియు, విద్యార్థి ఒక్కనికి దినమునకు అయ్యెడి ఖర్చు ఒక అణాకు మించరాదనియు ఆ తీర్మానము.

పిల్లలారా, అణా యనగా నేమో మీలో పలువురకు తెలియదు. నాడు రూపాయకు పదునారు అణాలు. అణాకు పండ్రెండు పైలు. ఒక రూపాయతో పదునారుగురు పిల్లలకు ఒక పూట ఫలహారము అన్నమాట. దీనికి చూపిన కారణమును గమనింపుడు. ఆ పేటలోని పిల్లలు మిక్కిలి పేదవారు; అందువలన బడికి వచ్చువారి సంఖ్య తగ్గుచున్నది. బడి కట్టినంత మాత్రమున, ఉపాధ్యాయుని నియమించినంత మాత్రమున పిల్లవాడు బడికి రాడు. ఆకలి వానిని పనికి పంపును. ఆకలి తీర్చినగాని అక్షరము అంటదు. ఇది గ్రంథములలో వెదకవలసిన సిద్ధాంతము కాదు, వీధి నెరిగిన సభ్యునికి కంటికి కనబడు సత్యము. తీర్మానములో దయతోపాటు వర్తకుని లెక్కయు కలదు. ఎవరికి, ఎచ్చట, ఎంత ఖర్చుతో అను మూడు ప్రశ్నలకును అందు సమాధానము కలదు. అందుచేతనే అది కాగితముమీద నిలిచిపోక వంటపొయ్యి వరకు చేరెను.

మొదటి బడిలో ఉద్దేశము నెరవేరినందున పథకమును మరి నాలుగు బడులకు విస్తరించిరి. ఈ అయిదు బడులలో 1922-23లో 811 మందిగా నుండిన విద్యార్థులు 1924-25 నాటికి 1,671 మందియైరి. రెండేండ్లలో సంఖ్య రెండింతలు మించెను. ఇంతకంటె స్పష్టమైన ఫలితమును ఏ పథకమునందును చూడజాలము.

అయినను ప్రభుత్వము ఆ ఖర్చును ప్రాథమిక విద్యానిధి నుండి పెట్టరాదని అడ్డుచెప్పెను. అన్నము విద్యలో భాగము కాదని దాని వాదము. 1925 ఏప్రిల్ 1వ తేదీనుండి ఫలహారము నిలిచిపోయెను. శెట్టిగారును ఆ 1925లోనే కాలధర్మము నొందిరి. నగర సభ పట్టుదలతో తరువాత కొంతమంది పేద పిల్లలకు దానిని మరల సాగించిరి.

విత్తనము మాత్రము చావలేదు. 1956లో ముఖ్యమంత్రి కామరాజు మధ్యాహ్న భోజనమును రాష్ట్రమంతటను ఆరంభించిరి. 1982 జులై 1వ తేదీన ఎం.జి. రామచంద్రన్ పోషకాహార పథకమును ప్రారంభించిరి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములును ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనమును పెట్టవలసినదని ఆదేశించెను. దాని ననుసరించి 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడులలోను అది అమలునకు వచ్చెను. 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వము ఉదయపు ఫలహారమును కూడ చేర్చెను. నేడు మధ్యాహ్నపు గంట కొట్టగానే పళ్లెములు పట్టుకొని వరుసలో నిలుచు పిల్లలందరును, తమ కెరుక లేకయే, ఆ అణా తీర్మానమునకు వారసులు.

గుణములు, లోపములు

మహనీయుల చరిత్ర వ్రాయునపుడు గుణములనే చెప్పి తక్కినవి దాచుట విద్యార్థులకు మేలు చేయదు. శెట్టిగారి రాజకీయమున విమర్శకు గురియైన అంశములు కలవు.

మొదటిది, ఆయన కక్షి బ్రిటిషు ప్రభుత్వముతో సహకరించుట. దేశమంతయు సహాయ నిరాకరణమున నుండగా ఆ కక్షి మంత్రి పదవులను స్వీకరించెను. 1922 జనవరిలో వేల్సు యువరాజు మదరాసునకు వచ్చినపుడు కాంగ్రెసువారు బహిష్కారము జరుపగా, జస్టిస్ పార్టీ ప్రముఖులు స్వాగతమిచ్చిరి. విద్యను, ఉద్యోగములను అందరకు పంచుటకు చేతికి వచ్చిన అధికారమును వదలరాదని వారి వాదము. స్వాతంత్ర్యము లేని పంపకము చాలదని ఎదుటివారి వాదము. రెండింటను ఆలోచింపదగిన అంశము కలదు.

రెండవది మనకు మరింత దగ్గరిది. తొలి మంత్రివర్గమున నున్న సుబ్బరాయలు రెడ్డియారు, పానగల్లు రాజా, కూర్మా వేంకటరెడ్డి నాయుడు ముగ్గురును తెలుగువారే. రెడ్డియారు విరమించిన పిమ్మట వచ్చిన ఎ.పి. పాత్రో గారు బరంపురము వారు. కక్షిలోని తమిళ సభ్యులు దీనికి నొచ్చుకొనిరి. అందరకు న్యాయము కోరి పుట్టిన కక్షిలో తమకు చోటేదని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. 1923 ఎన్నికల పిదప శివజ్ఞానం పిళ్లెను మంత్రిగా తీసికొని కొంతవరకు సరిదిద్దిరి. ఆ సంవత్సరము నవంబరులోనే మంత్రివర్గముమీద అవిశ్వాస తీర్మానము రాగా, దానిని తెచ్చినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. తెలుగువారు తెలుగువారినే ప్రశ్నించిరి. భాష యొక్కటైనంత మాత్రమున అభిప్రాయ మొక్కటి కావలెనను నియమము లేదు.

మూడవది, మిక్కిలి పేదల విషయము. 1921లో బకింగ్‌హాం, కర్ణాటక్ మిల్లులలో దీర్ఘమైన సమ్మె జరిగెను. అందు ఆది ద్రావిడ కార్మికుల యెడ జస్టిస్ నాయకులు చూపిన వైఖరి వారి నాయకుడైన ఎం.సి. రాజాకు బాధ కలిగించెను. 1923లో ఆయన కక్షిని విడిచెను. పైవారిని న్యాయమడిగిన వారు తమకు క్రిందనున్న వారికి అదే న్యాయమును చేయగలిగిరా యను ప్రశ్న ఏ ఉద్యమమునకైనను కఠిన పరీక్షయే.

మనము గ్రహింపవలసినది

ఈ జీవితమునుండి పరభాషా ప్రాంతమున నివసించు మన తెలుగు కుటుంబములు ఒక విషయమును ప్రత్యేకముగా గ్రహింపవలయును. శెట్టిగారు తెలుగువారై తమిళ సీమలో జీవించిరి. తాము వేరుగా ఉండి తమ వారికి మాత్రమే ఏదో చేసిపెట్టుమని అడిగినవారు కారు. నగరమును తమదిగా భావించి దాని పనిని నెత్తిన వేసికొనిరి. థౌజండ్ లైట్స్ బడిలో ఫలహారము తిన్న పిల్లవాని మాతృభాష ఏదియో ఆ తీర్మానము అడుగలేదు. ఊరి యందరి కొరకు పనిచేసినవాని పేరును ఊరు తన పేటకు పెట్టుకొన్నది. ఆ పేట నడిమి తోటకు పానగల్లు రాజా పేరు పెట్టిరి. ఇద్దరు తెలుగువారి పేర్లను తమిళ నగరము దినమునకు వేలసార్లు ఉచ్చరించుచున్నది. ఇట్టి గౌరవము అడిగి తెచ్చుకొనుటకు వీలైనది కాదు.

తల్లిదండ్రులకొక మాట. మన పిల్లల బడిలో తెలుగు ఉపాధ్యాయుని చోటు ఖాళీ పడినను, గోడ కూలినను, మంచినీరు రాకున్నను మనము తరచు దూరపు రాజధాని వైపు చూతుము. మన వార్డు సభ్యుడెవరో, పురపాలక సమావేశమెప్పుడో కనుగొనము. ఉపాధ్యాయుని నియమించు అధికారము వేరొక చోట ఉండవచ్చును. నీరు, దారి, దీపము, పారిశుద్ధ్యము మాత్రము చాలవరకు ఆ సభ చేతిలోనివే. పైకి పంపవలసిన అర్జీకి ఆ సభ తీర్మానము తోడైనచో బలము చేకూరును. అందుచే పురపాలక ఎన్నికలలో వోటు వేయుటయు, ఎన్నికైనవానిని కలిసి అంకెలతో అడుగుటయు అవసరము. ఎందరు పిల్లలు, ఏమి లోపము, ఎంత ఖర్చు అని వ్రాసియిచ్చిన అర్జీని త్రోసిపుచ్చుట కష్టము. శెట్టిగారి అణా తీర్మానము నేర్పు పాఠము అదియే.

విద్యార్థులారా, మీరు ఉన్న ఊరి భాషను చక్కగా నేర్చుకొనుడు. ఇంటి భాషను విడువకుడు. పెద్ద పదవులు కొందరకే వచ్చును. తన వీధిలోని లోపమును కనుగొని, దానికి తగిన లెక్క వేసి, నలుగురిని ఒప్పించి సరిచేయించు పని మాత్రము అందరకు అందుబాటులో ఉన్నది. నేతగాడు పడుగు పోగులను ఒక్కొక్కటిగా సరిచూచి మగ్గమెక్కించును. ఒక్క పోగు తెగినను బట్టలో చాలు కనబడును. ఊరి పరిపాలనమును అంత ఓర్పుతో చూచుకొనువారు ప్రతి తరమునను కొందరైనను కావలయును. వారు మీలోనుండియే రావలయును.